మా నాయన కుండలో పడిన రాయి

ఆ గులకరాయి ఇప్పటికీ మా ఇంటి గూట్లోనే ఉంది. పొద్దు వాలేటప్పుడు దీపం పెట్టబోతే ముందు అదే కళ్ళబడుతుంది. పారేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను, రెండుసార్లూ తిరిగి పెట్టేశాను.

రష్యా ముక్కలైన చలికాలం నాటి సంగతిది. నాకు పందొమ్మిదేళ్ళు. రోజూ గుడియాత్తంలో బస్సెక్కి వేలూరు కాలేజీకి పోయేదాన్ని. ఒక రోజు రాజనీతి పాఠం చెప్పే మేడమ్ పుస్తకం మూసేసి, అంతమంది జనం అన్నేళ్ళపాటు ఒకే పార్టీకి చేతులెందుకు ఎత్తారో చెప్పమని మమ్మల్నే అడిగింది. "అందరూ చూస్తుండగా ఎత్తిన చెయ్యిని నమ్మకండి" అందామె. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు.

ఎందుకంటే మా ఇంట్లోనే ఒక చిన్న రష్యా ఉండేది. నాయన తాపీమేస్త్రీ, మా ఊరి కట్టడం పనివాళ్ళ సంఘానికి పెద్ద. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయనే పెద్ద. ఏటా ఒక ఆదివారం, సగం కట్టిన ఏదో ఒక ఇంట్లో అందరూ కూర్చునేవాళ్ళు. ఎవరో ఆయన పేరు చెబితే చేతులన్నీ లేచేవి. ఆయన మాత్రం చేతులు కట్టుకుని తల వంచుకునేవాడు. నిలబడినవాడు తన పేరుకు తాను చెయ్యెత్తకూడదన్నది ఆయనే పెట్టిన మర్యాద.

టీ అంగట్లో టీవీలో, రష్యాలో క్రేనుకు వేలాడుతున్న పెద్ద నాయకుడి విగ్రహాన్ని చూసి ఆయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. "పునాది గట్టిగానే ఏసింటారు గదా, ఎట్ల పడిందో" అన్నాడు. ఎర్రజెండాను నమ్ముకున్న మనిషి అంతకంటే ఏమంటాడు?

ఆ ఏడు మొదటిసారి ఇంకొకడు పోటీకి నిలబడ్డాడు. పరదరామి వైపు నుంచి వచ్చిన కుర్ర మేస్త్రీ. తాను పెద్దయితే ఆడవాళ్ళకూ తాపీ చేతికిస్తానన్నాడు. మా పనిలో ఆడవాళ్ళంటే చిత్తాళ్ళే. ఇసుకా కలిపిన సిమెంటూ తలమీద మోయాలి గానీ గోడ కట్టకూడదు. అమ్మ కూడా చిత్తాలే, సంఘంలో మనిషే. అయినా నాయన విరించిపురంలో పనిమీద ఉన్నప్పుడు, మా పెరట్లో కూలిన స్నానాల గోడను ఆమె ఒక్కతే కట్టింది. రసమట్టం పెట్టి చూస్తే వెంట్రుకంత తేడా లేదు. పక్కింటివాళ్ళు అది నాయన పనితనమని మెచ్చుకుంటే ఆయన నవ్వి ఊరుకున్నాడు. అమ్మ అక్కడే నీళ్ళు తోడుతూ ఉంది.

రహస్యంగా ఓటు వేయిద్దామన్నది నేనే. కాలేజీలో నేర్చుకున్నది ఇంటి మీద ప్రయోగించకపోతే నాకు నిద్ర పట్టేది కాదు మరి! నాయన పెద్దగా నవ్వాడు. "పెట్టమ్మా. చేతులెత్తినోళ్ళే గదా రాళ్ళు గూడా ఏసేది?" అన్నాడు. తనవాళ్ళ మీద ఆయనకు అంత నమ్మకం.

ఓటుకు ముందురోజు పిండి రుబ్బుతూ రుబ్బుతూ అమ్మ అడిగింది.

"ఎవురు ఎవురికి ఏసినారో నిజంగా తెలీదా?"

"ఎవరికీ తెలీదమ్మా."

"మీ నాయనకు గూడానా?"

"దేవుడికి కూడా తెలీదు" అన్నాను. అప్పుడు నా గొప్ప చూడాలి.

చాలామందికి చదువు రాదు కాబట్టి, ఆ ఏడు కూర్చున్న సగం కట్టిన ఇంట్లో లోపలి గదిలో రెండు కుండలు పెట్టాను. నాయన కుండకు తాపీ ఆనించాను, కుర్ర మేస్త్రీ కుండకు రసమట్టం. మనిషికొక గులకరాయి ఇచ్చాను. ఒక్కొక్కరే లోపలికి పోయి వేసి వచ్చారు. అందరూ వేసేశాక నా ఒళ్ళో ఆరు రాళ్ళు మిగిలాయి.

కుండలు నేనే వంచాను. రసమట్టం కుండలోంచి రాళ్ళు కుప్పగా పడ్డాయి. తాపీ కుండలోంచి ఒకే ఒక్కటి పడింది. అందరూ ఇంకా బయటే ఉన్నారు, నన్ను చూసేవాళ్ళు లేరు. మిగిలిన ఆరూ కలిపేస్తే ఆయన పరువు కొంతైనా నిలిచేది. ఆ ఆలోచన నాకు వచ్చింది. కానీ అలాంటి పనులు చేసే రష్యా పాడైందని, బయటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఎవరూ తలెత్తలేదు. నాయన లేచి వచ్చి ఆ ఒక్క రాయిని తీసుకుని, తువ్వాలుతో తుడిచి, "ఇది మా ఇంటామె ఏసింది" అన్నాడు. అందరూ బతికిపోయినట్టు నవ్వారు. అమ్మ నవ్వలేదు.

పై నెలలో అమ్మ కుర్ర మేస్త్రీ దగ్గర తాపీ పట్టింది. నాయన అడ్డు చెప్పలేదు. సంఘం వైపు మళ్ళీ పోలేదు. రాయిని గూట్లో పెట్టుకుని, ఇంటికి ఎవరొచ్చినా చూపించి అదే మాట చెప్పేవాడు. పోయేదాకా, పదకొండేళ్ళు చెప్పాడు. మా ఇంట్లో అదొక్కటే నవ్వుతాలు అనుకునేదాన్ని నేను.

నాయన పోయాక కర్మంతరం రోజున ఒకప్పటి ఆ కుర్ర మేస్త్రీ వచ్చాడు. అప్పటికి చెంపలు నెరిశాయి. గూట్లో రాయిని చూసి ఆగిపోయాడు.

"ఇంకా పెట్టుకోనుండాడా పెద్దాయన? అది నేనేసిందమ్మా. నిలబడినోడు తనకు ఏసుకోగూడదని ఆయన నేర్పించిందే గదా. ఆయన గూడా నాకే ఏసింటాడు."

వంటింట్లో ఉన్న అమ్మ దగ్గరికి పోయి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. చేతిలోని గంటె పక్కన పెట్టింది.

"మీ నాయనకు తెలీదనుకొంటివా? అది నాది కాదని ఆ పొద్దే తెలుసు ఆయనకు. ఆ రాయి నాదని పదిమందిలో చెప్పినప్పుడంతా నాకు ముద్ద దిగేది లేదు. ఒక్కసారి తిట్టింటే బాగుండు."

తనను కాపాడటానికి చెప్పాడో, కాల్చటానికి చెప్పాడో తెలీలేదని కూడా అంది. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను.

"ఎవురికీ తెలీదంటివే నువ్వు" అంది అమ్మ.

నాయన కుండలో ఇంకొక్క రాయి పడుంటే ఆ మాట నిజమయ్యేది. ఆ రోజు నా ఒళ్ళో ఆరు రాళ్ళున్నాయి.