గొళ్ళెం మేడమ్ గదిలో రెండో కుర్చీ

ఊళ్ళు పట్టుకు తిరిగినవాళ్ళు మేడలనూ వంతెనలనూ తెగ వర్ణిస్తారు గానీ తలుపుల ఊసెత్తరు. ఒక చోటు ఎలాంటిదో ముందుగా చెప్పేది తలుపే. ఆసుపత్రిలో తలుపు రెండు వైపులా ఊగుతుంది, అక్కడ ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు కనక. కోర్టులో తలుపు తెరిచే ఉంటుంది గానీ దాని పక్కనే ఒక మనిషి నిలబడి పేర్లు అరుస్తుంటాడు. కాలేజీ తలుపుకి మాత్రం సొంత గుణమంటూ లేదు. లోపల పాఠం చెప్పే మనిషిది ఏ గుణమో తలుపుదీ అదే. ఒకాయన క్లాసుకి పిల్లలు సంతకొచ్చినట్టు వచ్చిపోతుంటారు. ఇంకొకావిడ క్లాసులో గంట మోగడం ఆగీ ఆగకముందే గొళ్ళెం పడుతుంది. ఈ కథ ఆ గొళ్ళెం వేసే ఆవిడది.

ఆవిడ స్టాటిస్టిక్స్ చెప్పేది. వెనకాల అందరూ గొళ్ళెం మేడమ్ అనేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, కోపం లేదు. ఒకసారి బోర్డు మీద ఎవరో గొళ్ళెం బొమ్మ గీస్తే చెరపకుండా దాని కింద ఉన్న జాగాలోనే లెక్క చేసి, "బొమ్మ బాగుంది. బోల్టు మాత్రం తిరగేసి పెట్టారు" అంది. క్లాసు నవ్వింది. ఆవిడ కూడా నవ్వేదే, కానీ అప్పటికి బోర్డు వైపు తిరిగిపోయింది.

ప్రతి ఏడూ మొదటి రోజు పాఠం ఉండేది కాదు. ఒక కాగితం అందరికీ పంచి, తనే పైకి చదివేది. ఫోన్లు సంచుల్లో ఉండాలి. ఒకరి జవాబు ఇంకొకరు రాయకూడదు. గంట మోగాక తలుపు వేస్తాను. తలుపు వేసి ఉంటే తట్టకూడదు. ఒక్కరు తట్టే చప్పుడుకి లోపల కూర్చున్న అందరి ఆలోచనా తెగిపోతుంది. ఈ ముక్క దగ్గర గొంతు కాస్త పెంచి, రెండుసార్లు చదివేది. కాగితం అడుగున ఇంకో నాలుగు ముక్కలుండేవి. దిగులుగా ఉంటే కౌన్సెలర్ గది ఎక్కడో, పుస్తకాలు కొనలేకపోతే లైబ్రరీలో ఎవరిని అడగాలో, చూపుగానీ వినికిడిగానీ సరిగా లేనివాళ్ళకి పరీక్షలో ఏ సాయం దొరుకుతుందో. అన్నిటికన్నా కింద: మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం నేను నా గదిలో ఉంటాను, ఎవరైనా, ఏ పని మీదైనా రావచ్చు. అప్పటికి గంట కొట్టే వేళయ్యేది. ఆ చివరి ముక్కలు బల్లలు జరుపుకునే చప్పుడులో కలిసిపోయేవి.

ఆవిడ గది పై అంతస్తు వరండా చివర. ఇరుకే, కానీ అద్దంలా ఉండేది. ఒక బల్ల, ఒక బీరువా, రెండు కుర్చీలు. తన కుర్చీ చేతులు అరిగి నునుపెక్కాయి. రెండో కుర్చీ కొన్నప్పటి మెరుపు పోకుండా అలాగే ఉంది. మంగళవారం, గురువారం ఆ కుర్చీని తడిగుడ్డతో తుడిచేది. బల్ల సొరుగులో బిస్కెట్ల డబ్బా ఉండేది. అవి మెత్తబడిపోతే ఇంటికి తీసుకెళ్ళి టీలో ముంచుకుని తినేసి, కొత్త ప్యాకెట్ విప్పేది. వరండా గాలికి కాగితాలు ఎగురుతున్నాయనీ, పక్క గదిలోంచి నవ్వులు వినబడుతున్నాయనీ ఎప్పుడో వడ్రంగిని పిలిపించి తలుపుకి స్ప్రింగు వేయించుకుంది. తోస్తే తెరుచుకునేది, వదిలితే దానంతట అదే మూసుకునేది. ఆ గదికి గొళ్ళెం మాత్రం ఏనాడూ వేసుకోలేదు.

ఎవరూ వచ్చేవాళ్ళు కారు.

మొదట్లో గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. తర్వాత పేపర్లు దిద్దుకుంటూ చూసేది. ఆ తర్వాత చూడటం మానేసింది గానీ కుర్చీ తుడవడం మానలేదు. పక్క గది కెమిస్ట్రీ లెక్చరర్ది. ఆవిడ చుట్టూ పిల్లలు ఎప్పుడు చూసినా ఈగల్లా మూగి ఉండేవాళ్ళు. కాగితం కనబడకపోయినా కబుర్లే, గాజు గొట్టం పగిలినా కబుర్లే.

"పిల్లలు నీకేం చెప్తారే అంతసేపు?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగింది గొళ్ళెం మేడమ్.

"ఏముంది అక్కా, ఒకణ్ణి చూసి ఒకమ్మాయి మొహం తిప్పుకుంది. ఇంకోదానికి జుట్టు ఊడిపోతోంది. నాకూ ఊడిపోతోంది, ఇద్దరం కలిసి ఏడ్చాం."

"నా దగ్గరికెవరూ రారు."

"మీ దగ్గరికి రావాలంటే ధైర్యం ఉండాలిగా!"

"ధైర్యం ఎందుకూ, రెండు కాళ్ళుంటే చాలు" అంది గొళ్ళెం మేడమ్. కెమిస్ట్రీ ఆవిడ పగలబడి నవ్వింది. అంతటితో ఆ మాట ముగిసింది.

ఇంటి దగ్గరా మాట పెగిలే అవకాశం తక్కువే. మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని వెంటపడి అడిగిన పిన్నులూ పెద్దమ్మలూ ఒకప్పుడు విసిగించేవాళ్ళు, ఇప్పుడు ఆ అడిగేవాళ్ళు కూడా లేరు. ఆదివారం తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, తిన్నావా? నీ మరదలు అడుగుతోంది" అనేవాడు. మరదలు అడగడం ఎప్పుడూ వినబడేది కాదు. సెలవు రోజుల్లో సాయంత్రం వేళ పాలవాడితో "రేపు ఒకటే ప్యాకెట్" అనబోతే గొంతు బొంగురుగా వచ్చేది. పొద్దుట్నుంచీ వాడని గొంతు కదా మరి.

అలాంటి ఆవిడకి ఆ ఏడు ఒక పిల్ల మీద గురి కుదిరింది. చివరి వరసలో మూల సీటు అమ్మాయి. ఒకరోజు సగటు గురించి చెబుతుంటే చెయ్యెత్తి, "మేడమ్, సగటు మనిషి అంటారు కదా, ఆ మనిషిని ఎవరైనా చూశారా?" అంది. క్లాసు గొల్లుమంది. మేడమ్ మాత్రం సుద్దముక్క పట్టుకుని అలా నిలబడిపోయింది. ఆ రోజు పాఠం పక్కన పెట్టి ఆ ప్రశ్న పట్టుకునే క్లాసు నడిపింది. ఇంటికెళ్ళి అన్నం వడ్డించుకుంటూ కూడా దాని గురించే ఆలోచించింది. ఆ పిల్ల గదికొస్తే చూపించాలని ఒక పుస్తకం వెతికి బీరువాలో పైనే పెట్టింది.

చలికాలం మొదలయ్యాక ఆ పిల్ల ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. వచ్చేసరికి గొళ్ళెం పడి ఉండేది. తలుపు కింద సందులోంచి ఒక నీడ కాసేపు కనబడి వెళ్ళిపోయేది. మేడమ్ కంటికి ఆ నీడ కనబడేది, పాఠం ఆగేది కాదు. మొదటి బల్ల వాళ్ళకి లేని మినహాయింపు మూల బల్లకి ఇస్తే ఇక న్యాయమేముంది?

ఆ కాలేజీలో నూటికి డెబ్బై ఐదు హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. పాఠం చెప్పేవాళ్ళు సిఫారసు చేస్తే మాత్రం వదిలేస్తారు. అయితే విద్యార్థి తనంతట తనే వచ్చి కారణం చెప్పుకోవాలి. ఆ ఏడు దానికి ఆఖరు రోజు గురువారం. పిల్ల వేళకి వచ్చిన సోమవారమే మేడమ్ క్లాసులో ఎవరినీ చూడకుండా, అంటే మూల సీటునే చూడకుండా ప్రకటించింది. "హాజరు తగ్గినవాళ్ళు గురువారం మధ్యాహ్నం నా గదికి రండి. చెప్పుకుంటే వింటాను."

పిల్లని పిలిచి అడగొచ్చుగా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆవిడకీ అనిపించకపోలేదు. కానీ ఒకరి ఇంటి విషయం మనంతట మనం తవ్వకూడదనీ, వాళ్ళు తెరిస్తేనే తొంగి చూడాలనీ ఆవిడ పట్టుదల. తనని పిన్నులు తవ్విన తవ్వుడు ఆవిడ మరచిపోలేదు.

గురువారం మధ్యాహ్నం కుర్చీ తుడిచి, కొత్త బిస్కెట్లు విప్పి కూర్చోగానే ప్రిన్సిపాల్ మీటింగుకి రమ్మన్నాడు. లైటు ఆపకుండా, ఇప్పుడే వచ్చేస్తాను కదా అనుకుని వెళ్ళింది. ప్రిన్సిపాల్ మాట మొదలుపెడితే ఆపడం ఆయన వల్ల కూడా కాదు. ఆవిడ ఎలాగో బయటపడి గబగబా మెట్లెక్కి వరండా మలుపు తిరిగింది.

తన గది ముందు మూల సీటు అమ్మాయి నిలబడి ఉంది.

ఎదురుగోడకి ఆనుకుని నిలబడింది. కాసేపటికి ముందుకొచ్చి, తలుపు పైనున్న మసక అద్దంలోంచి లైటు వెలుగు చూసింది. చెయ్యెత్తింది. వేళ్ళు ముడిచింది. ఆ చెయ్యి తలుపుకి తగలకుండానే ఆగి, మెల్లిగా కిందికి దిగి, సంచి పట్టీ పట్టుకుంది. అటు చివరి మెట్ల వైపు నడిచింది.

పిలవాలనుకుంది మేడమ్. నోరు తెరిస్తే పేరు రాలేదు, హాజరు పట్టీలో నంబరొచ్చింది. నంబరుతో పిలవలేక "అమ్మాయీ!" అంది. ఆ గొంతు బొంగురుగా తన కాళ్ళ దగ్గరే పడింది. పిల్ల మెట్లు దిగిపోయింది.

మేడమ్ తన గది ముందుకొచ్చి నిలబడింది. ఇన్నేళ్ళలో ఆ తలుపు ముందు ఆగి నిలబడటం ఇదే మొదలు. రోజూ తోసుకుని పోయేది కదా! బయటి నుంచి చూస్తే అచ్చం క్లాసు తలుపులాగే ఉంది. మూసి ఉంది, లోపల లైటుంది. వెనక్కి తిరిగి చూసింది. ఎదురుగోడకి భుజాల ఎత్తున సున్నం నల్లబడి, జిడ్డు పట్టి, ఒక మనిషి వెడల్పున మరక కట్టింది. మిగతా వరండా అంతా తెల్లగానే ఉంది. ఒక్క వీపుకి పడే మరక కాదది.

కెమిస్ట్రీ ఆవిడ అప్పుడే చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"ఇక్కడ పిల్లలు నిలబడతారా?" అడిగింది మేడమ్.

"ఎప్పుడూ నిలబడతారుగా. తట్టండ్రా అంటాను. అమ్మో, తలుపు వేసుంటే తట్టకూడదు, మేడమ్ రూలు అంటారు. కాసేపు చూసి పోతారు. కొందరు నా దగ్గరికొస్తారు."

"నాకెందుకు చెప్పలేదే?"

కెమిస్ట్రీ ఆవిడ మొహంలో నవ్వు పోయింది. "మీకు తెలిసే అలా ఉంటున్నారనుకున్నాను, అక్కా."

గొళ్ళెం మేడమ్ తన గది వైపు తిరిగింది. తలుపు తోసి, చేతికందిన బరువైన వస్తువు అడ్డం పెట్టింది. అది ఆవిడ థీసిస్. అట్ట గట్టిది, ఏళ్ళు పట్టిన పని, గైడు తప్ప ఇంకెవరూ చదివిన దాఖలా లేదు. స్ప్రింగుకి సరిగ్గా సరిపోయింది. తలుపు వెనక్కి రాలేదు.

తర్వాత ఆవిడ ఎన్నడూ చెయ్యని పని చేసింది. ఒక విద్యార్థి వెనకాల పరుగులాంటి నడక నడిచింది. పిల్ల గేటు బయట బస్సు స్టాపులో దొరికింది. మేడమ్‌ని చూసి దిగ్గున లేచి నిలబడింది.

"నా గది దాకా వచ్చి వెళ్ళిపోయావేం?"

"తలుపు వేసుంది మేడమ్."

"వేసుంటే?"

"తట్టకూడదు కదా మేడమ్." తప్పు చేసినట్టు కాదు, పాఠం అప్పజెప్పినట్టు అంది.

మేడమ్ బెంచీ మీద కూర్చుంది. పక్కన చోటు చూపించింది. పిల్ల అంచున కూర్చుంది.

"ఇక్కడ తలుపు లేదుగా. చెప్పు."

"మా అమ్మకి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ పడింది మేడమ్. పొద్దున అమ్మ వచ్చేదాకా తాతయ్య దగ్గర నేనుండాలి. ఆయనకి మతిమరుపు. తలుపు తీసుకుని వెళ్ళిపోతాడు. ఒకసారి మార్కెట్లో దొరికాడు, ఎవరో తెలియనివాళ్ళ బేరం ఈయన ఆడుతున్నాడు."

"తాళం..." అనబోయి మేడమ్ ఆగిపోయింది.

"అందరూ అదే అంటారు మేడమ్. లోపల మనిషిని పెట్టి బయట తాళం ఎలా వేస్తాం?"

బస్సొచ్చింది. పిల్ల లేవబోతే మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపింది. బస్సు వెళ్ళిపోయింది. సిఫారసు అక్కడే బెంచీ మీద, ఒళ్ళో బ్యాగు మీద పెట్టుకుని రాసింది. పేరు రాయవలసిన చోట కలం ఆగింది. "నీ పూర్తి పేరు చెప్పమ్మా" అంది. పిల్ల చెప్పింది. మేడమ్ దాన్ని ఒకసారి పైకి పలికి చూసి రాసింది.

"ఇంకోటి. రేపట్నుంచి క్లాసు వెనక తలుపుకి గొళ్ళెం ఉండదు. ఆలస్యమైనవాళ్ళు ఎవరైనా సరే, చప్పుడు చెయ్యకుండా వచ్చి కూర్చోవచ్చు. పొద్దున అందరికీ చెప్తాను. నీ మూల సీటు ఎలాగూ అక్కడే." కాగితం మడిచి బ్యాగులో పెడుతూ, "సగటు మనిషి గురించి ఒక పుస్తకం ఉంది, చూపిద్దామనుకున్నాను" అంది.

"ఇంకో బస్సు కూడా తప్పిపోతే అమ్మ కంగారుపడుతుంది మేడమ్."

"అవునవును. వెళ్ళు, వెళ్ళు."

కాగితం ఆఫీసులో ఇచ్చి పైకొచ్చేసరికి తలుపు తెరిచే ఉంది. గాలికి పేపర్లు నేలంతా పరుచుకున్నాయి. ఒక్కొక్కటే ఏరుకుంది.

తర్వాతి మంగళవారం థీసిస్ అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఎవరూ లోపలికి రాలేదు. కానీ ఇప్పుడు వరండాలో పోయే ప్రతివాళ్ళకీ ఆవిడ కనబడుతోంది. ఎదురుగా ఖాళీ కుర్చీ పెట్టుకుని కూర్చున్న ఒంటరి మనిషిని తలతిప్పి చూసి, తొందరగా చూపు తిప్పుకుని పోతున్నారు. మూసిన తలుపు వెనకాల ఈ బాధ లేదు. లేచి ఆ థీసిస్‌ని తలుపు అడుగు నుంచి లాగేద్దామని రెండుసార్లు అనుకుంది.

ఒక కుర్రాడు గుమ్మం ముందు నుంచి పోతూ ఆగాడు. "ఎవరికోసమైనా చూస్తున్నారా మేడమ్? పిలవమంటారా?"

"లేదు" అంది ముందు. తర్వాత "అవును" అంది. "ఎవరైనా సరే. నువ్వొచ్చినా సరే."

వాడికేం అర్థమైందో గానీ బుర్ర గోక్కుని, "ల్యాబుంది మేడమ్. గురువారం వస్తాలెండి" అన్నాడు. వస్తాడో రాడో. ఇలాంటివి ఎంతమంది ఎన్నిచోట్ల అనలేదు!

వాడి అడుగుల చప్పుడు మెట్ల మీద పూర్తిగా తగ్గిపోయేదాకా విని, గొళ్ళెం మేడమ్ లేచి రెండో కుర్చీని తడిగుడ్డతో తుడిచింది. గోడ పక్క నుంచి కాస్త ఇవతలికి, వరండాలో మలుపు తిరుగుతూనే కనబడేట్టు జరిపింది. మళ్ళీ వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.