రైస్‌మిల్లు వెనక ప్రత్యక్ష పాఠం

సూర్యాపేటలోని ఒక నర్సింగ్ కాలేజీలో నేను కమ్యూనిటీ హెల్త్ పాఠం చెబుతాను. మా సబ్జెక్టులో గృహసందర్శన అని ఒక అధ్యాయం ఉంటుంది. తలుపు తట్టాలి, తామెవరో చెప్పుకోవాలి, సంచీ కింద కాగితం పరవాలి, చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాత మాట మొదలుపెట్టాలి. పిల్లలు దీన్ని పరీక్షలో పొల్లుపోకుండా రాస్తారు. మునగాల చుట్టుపక్కల ఊళ్లకు తీసుకెళితే మాత్రం అదే పిల్లలు గడప ముందు బిగుసుకుపోయేవారు. లోపలి నుంచి ఎవరైనా "ఏం గావాలె?" అంటే చాలు, నేర్చుకున్నదంతా ఎగిరిపోయేది.

అందుకే స్కిల్ ల్యాబ్ పక్కనున్న స్టోర్ రూము ఖాళీ చేయించి దాన్ని ఒక ఇల్లులా మార్చాను. నులక మంచం, గ్యాస్ పొయ్యి, దండెం మీద బట్టలు, మంచంలో ప్లాస్టిక్ పసిబిడ్డ. బాలింత వేషం ఎవరో ఒక విద్యార్థినిది, అత్తగారి వేషం నాది. పాత చీర కట్టి, కొంగు నడుముకు దోపుకుని, గడపకు అడ్డంగా కూర్చునేదాన్ని. మొన్ననే ఎవరో వచ్చి రాసుకుపోయారు కదా, మళ్లీ మీరెవరని గద్దించేదాన్ని. ఇదంతా ఫోన్‌లో రికార్డు చేసి, తర్వాత తరగతి గదిలో పెద్ద తెర మీద అందరం కలిసి చూసేవాళ్లం. ఎక్కడ మాట తడబడిందో, ఎక్కడ మనిషి ముఖం వదిలేసి కాగితంలోకి చూశారో తెలిసిపోయేది. మొదట్లో ముసిముసిగా నవ్వుకున్న పిల్లలే నెల తిరిగేసరికి గడప దాటడం నేర్చుకున్నారు.

ఒక అమ్మాయికి మాత్రం ఈ పద్ధతి పడలేదు. ఆఖరి సంవత్సరం విద్యార్థిని, వాళ్లది కోదాడ. వార్డులో చెయ్యి చురుకు, మాట నెమ్మది. రికార్డింగు మొదలైందంటే చాలు, చేతులు వణికేవి. ఒకరోజు నా గదికొచ్చి నిలబడింది. "నా వల్ల కావట్లేదు మేడమ్. అందరూ చూస్తారనే ధ్యాసలో ఎదురుగా ఉన్న మనిషిని మర్చిపోతున్నా" అంది. అలవాటయితే అదే పోతుందని చెప్పి పంపించాను.

ఆ తర్వాత కాలేజీకి తనిఖీ వస్తుందని కబురొచ్చింది. మా దగ్గర బోధనలో కొత్తగా ఏం జరుగుతోందో చూపించాలి. పక్కగదిలో వేసే నాటకం కాదు, నిజమైన ఇంటి నుంచే నేరుగా తెర మీద పాఠం నడిపిస్తే ఎలా ఉంటుందని ప్రిన్సిపాల్ అడిగారు. ఆమె అడగకపోయినా నేనే అనేదాన్నేమో. అప్పటికి మా ఆఖరి సంవత్సరం వాళ్లు కొందరు మిర్యాలగూడలో పోస్టింగులో ఉన్నారు, కోదాడ అమ్మాయి కూడా వాళ్లలోనే ఉంది. అక్కడ వాళ్లను చూసుకునే నా తోటి ట్యూటర్, రైస్‌మిల్లు వెనక వరస ఇళ్లలో ఒక బాలింతను ఎంచింది. కాన్పయి వారం కూడా కాలేదు. భర్త మిల్లులో బస్తాలు మోస్తాడు. ముందురోజే వెళ్లి ఫోన్ సంగతి చెబితే ఆ పిల్లతల్లి సరేనంది. సందర్శన ఎవరు చేయాలన్నప్పుడు కోదాడ అమ్మాయి పేరు నేనే చెప్పాను. చేయి తిరిగిన పిల్ల, ఈ ఒక్క భయం పోతే చాలనుకున్నాను.

తనిఖీ రోజు ముందు వరసలో ఇద్దరు పరిశీలకులు, పక్కన ప్రిన్సిపాల్, వెనకంతా పిల్లలు. తెర మీద మిల్లు వెనక సందు కనిపించింది. ఊక దుమ్ము, లారీల హారన్లు. ఫోన్ ఒక స్నేహితురాలి చేతిలో ఉంది. కోదాడ అమ్మాయి తలుపు దగ్గర ఆగి, తామెవరో చెప్పి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. గడప దగ్గర అత్త కూర్చుని ఉంది. జరిగి దారిచ్చింది. పరిశీలకుల్లో పెద్దాయన తలూపడం చూసి నాకు ఊపిరాడింది.

బాలింత మంచం మీద పడుకుని ఉంది. అమ్మాయి ముందు బిడ్డను చూసింది, పాలు తాగుతున్నాడా అని అడిగింది, తర్వాత తల్లిని ఎలా ఉందని అడిగింది. తల్లి మంచిగనే ఉందని చెప్పి, నుదురు నొక్కుకుంది. తల నొస్తోందా అంటే నిన్నటి నుంచి నొస్తోందంది. అమ్మాయి జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూసింది. గాలి వదిలేసి, కాసేపాగి, మళ్లీ చూసింది. రెండోసారి చూస్తున్నప్పుడు ఆమె దవడ బిగుసుకోవడం పెద్ద తెర మీద అందరికీ కనబడింది. అంకె పైకి చెప్పలేదు. వాచిన పాదాల మీద వేలితో నొక్కింది, గుంట పడి అలాగే నిలిచింది.

నాకు విషయం అర్థమైంది. కాన్పు తర్వాత బీపీ పెరిగి, తల నొచ్చి, చూపు మసకబారి, ఫిట్స్ దాకా వెళ్లే ప్రమాదం ఉందని నేనే ఎన్నోసార్లు చెప్పాను. ప్రాణాలు పోయే జబ్బు. తరగతి గదిలో కొందరికీ తెలిసిపోయింది.

అప్పుడే ఆ తల్లి పక్కకు ఒత్తిగిలబోయింది. కొంగు జారింది. అత్త ఫోన్ వైపు తిరిగి, "అండ్ల ఎవరున్నరు? ఎంతమంది సూస్తున్నరు?" అంది. కోదాడ అమ్మాయి తలెత్తి నేరుగా మావైపు చూసింది. స్నేహితురాలితో "ఆపెయ్" అంది.

తెర నల్లబడింది.

"నెట్‌వర్కా?" అని పెద్దాయన అడిగారు. కాదని, వాళ్లే ఆపేశారని చెప్పాను. మళ్లీ కలపమన్నారు. ప్రిన్సిపాల్ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. నేను వరండాలోకి వచ్చి ఆ స్నేహితురాలి నంబరుకు చేస్తే ఎంగేజ్ వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ ఎంగేజే. తోటి ట్యూటర్‌కు చేస్తే ఆమె మరో బృందంతో వేరే వాడలో ఉంది. నాలుగు ముక్కల్లో చెప్పాను. పరుగెత్తుకుని వెళ్తున్నానంది. ఇంకేం చేయాలో తోచలేదు. మిర్యాలగూడ ఉన్నపళాన చేరే దూరం కాదు. ఆ ఇంట్లో మూర్ఛ వస్తే మా విద్యార్థినులిద్దరూ ఏం చేస్తారు? ఆపెయ్ అన్న అమ్మాయి మీద నాకు కోపమొచ్చింది, నిజమే. కనబడుతుంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని కదా అనుకున్నాను. లోపలికి వెళ్లి కూర్చోలేక, వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాను. పెద్దాయన బయటికొచ్చి మెల్లగా, "కేసు సీరియస్సా అమ్మా?" అన్నారు. అవునన్నాను. ఆయన నా పక్కనే నిలబడిపోయారు.

ఆ గదిలో తర్వాత ఏం జరిగిందో సాయంత్రానికి గానీ పూర్తిగా తెలియలేదు. ఫోన్ ఆపగానే స్నేహితురాలు దాన్ని తీసుకుని బయటికి వెళ్లి 108కి చేసింది. నాకు ఎంగేజ్ వచ్చింది అందుకే. లోపల అత్త ససేమిరా అంది. పురిటి స్నానం కాకముందు బాలింతను గడప దాటించేది లేదంది. కాన్పయ్యాక తలనొప్పి ఎవరికి రాదంది. కొడుకు వస్తే గానీ కుదరదంది.

కోదాడ అమ్మాయి వాదించలేదట. నేల మీద కూర్చుంది. "పెద్దమ్మా, మీరు చెప్పినట్టే చేద్దాం. ముందు ఆమెకి కొంచెం మంచినీళ్లు ఇవ్వండి" అంది.

అత్త గ్లాసులో నీళ్లు తెచ్చి కోడలి ముందు పట్టుకుంది. కోడలి చెయ్యి గ్లాసుకు తగలకుండా పక్కనుంచి వెళ్లింది. మళ్లీ చాపింది, అంచుకు తగిలి నీళ్లు ఒలికిపోయాయి. అత్త కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఏమైందే? కనబడతలేదా నీకు?"

"మసక మసకగ ఉన్నదత్తా. పొద్దుగాల్నుంచి గిట్లనే ఉన్నది. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే."

అత్త లేచి, కొడుకును పిలవడానికి మిల్లు వైపు తానే పరుగెత్తింది. అంబులెన్స్ వచ్చేసరికి కొడుకు ఒంటినిండా ఊక దుమ్ముతో వాకిట్లో నిలబడి ఉన్నాడు. నా తోటి ట్యూటర్ కూడా అప్పుడే చేరింది. కోదాడ అమ్మాయి తల్లిని ఎడమ వైపుకు తిప్పి పడుకోబెట్టి వెంట వెళ్లింది. పెద్ద దవాఖాన గేటు లోపల, స్ట్రెచర్ దించుతుండగా ఫిట్స్ మొదలయ్యాయి. డాక్టర్లు అక్కడే ఉన్నారు కాబట్టి వెంటనే ఇంజెక్షన్ పడింది. గండం గడిచిందని వాళ్లు చెప్పడానికి ఇంకో రెండు రోజులు పట్టింది.

పరిశీలకులు వెళ్లిపోయాక ప్రిన్సిపాల్ నన్ను పిలిచారు. ప్రత్యక్ష ప్రదర్శన అసంపూర్ణం అని రాసి వెళ్లారట. ఆమె గొంతు పెంచలేదు. ఆ అమ్మాయి కాలేజీ పరువు గురించి ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సిందని మాత్రం అన్నారు. ఆలోచించకపోవడమే మంచిదైందని నేనన్నాను. ఆమె ఆ తల్లి ఎలా ఉందని అడిగారు.

పోస్టింగు ముగిసి పిల్లలు తిరిగొచ్చాక ఆ సంఘటన మీదే క్లాసు పెట్టాను. రికార్డు చూపించలేదు, ఉన్నంత మేర చెరిపేశాను. ఫోన్ ఆపడం సరైనదేనా అని అడిగితే తరగతి రెండుగా చీలిపోయింది. ఆపి ఉండకూడదని, మేడమ్ చూస్తుంటే సాయం అందేదని కొందరు గట్టిగా అన్నారు. మన ఇంట్లో బాలింతను ఇంతమంది చూస్తే ఊరుకుంటామా అని మరికొందరు. చాలాసేపు వాదన నడిచింది. చివరికి కోదాడ అమ్మాయిని అడిగాను.

"నాకిప్పటికీ తెలీదు మేడమ్. ఆ ఫిట్స్ ఇంట్లోనే వచ్చుంటే నన్ను నేను క్షమించుకునేదాన్ని కాదు. కానీ ఆ పెద్దమ్మ ఎంతమంది చూస్తున్నారని అడిగినప్పుడు, నలభై మంది అని నా నోటితో చెప్పలేకపోయా."

ఆ రోజు నుంచి మా దగ్గర ఒక మార్పు వచ్చింది. ఇళ్ల నుంచి నేరుగా తెర మీద చూపించడం మానేశాం. ఇంటికి వెళ్లే ప్రతి ఇద్దరిలో ఒకరి చెవిలో మాటలు మాత్రమే వినిపించే పరికరం ఉంటుంది, అవతల ఒక్క టీచరే ఉంటుంది, అదీ పిల్లలు పిలిస్తేనే. బొమ్మ కనిపించదు. ప్రిన్సిపాల్ మొదట్లో ఇది వెనకడుగేమో అన్నారు. తర్వాత ఆ పరికరాలు కొనడానికి ఆమే సంతకం పెట్టారు.

కొన్ని వారాల తర్వాత కోదాడ అమ్మాయి, నేను కలిసి మిర్యాలగూడ వెళ్లాం. ఆ తల్లి వాకిట్లో బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుని ఉంది. మనిషి చిక్కిపోయింది, చూపు మాత్రం సరిగ్గా ఉంది. అత్త మాకు చాప వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. బీపీ గోళీలు వేళకు వేసుకుంటున్నావా అంటే కొన్నిసార్లు మర్చిపోతున్నానని తల్లి తల దించుకుంది. కోదాడ అమ్మాయి జబ్బకు పట్టీ చుట్టింది. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను.

బీపీ ఇంకా కొంచెం ఎక్కువే ఉంది. వచ్చే వారం మళ్లీ చూడాలని అమ్మాయి చెప్పింది. అత్త లోపలి నుంచే, "వచ్చే వారం గాదు, మూడొద్దులకే రాండ్రి. మేము యాడికి పోతం, ఇంటికాడనే ఉంటం" అంది.