పట్టాల మధ్య పదకొండు మిల్లీమీటర్లు

ఇరవై రెండేళ్ల వయసులో ఉన్నంత తెలివి నాకు మళ్లీ ఎన్నడూ లేదు. సంత్రాగాఛి రైల్వే యార్డులో కేజువల్ కూలీగా పట్టాలు మోసే ఆ రోజుల్లో, ఎనిమిదితో బడి మానేసిన నేను, పుస్తకాలన్నీ నాకోసమే అచ్చువేశారనుకునేవాణ్ణి. (మాస్టారు లేని చదువులో ఒక సుఖముంది, తప్పని చెప్పేవాడుండడు.) మా గ్యాంగుని నడిపించే మేటు మా మేనమామే. పనిలో పెట్టించిందీ, రెండు పూటలా అన్నం పెట్టిందీ, నన్ను పర్మినెంటు చేయమని ఆఫీసు చుట్టూ తిరుగుతున్నదీ ఆయనే.

ఒక పాత వాచకంలో ఉక్కు వ్యాకోచ గుణకం 0.000012 అని చదివాను. ఎండకి పట్టా సాగుతుంది కనుక పట్టాకీ పట్టాకీ మధ్య సందు వదలాలి. ఎంతో ఈ అంకె చెబుతుంది. ఆఫీసు ఉష్ణమాపకం అడిగి తెచ్చి పట్టామీద పెట్టి, జనవరి పొద్దుటికీ మే మధ్యాహ్నానికీ తేడా డెబ్బై రెండు డిగ్రీలని తేల్చి, పదమూడు మీటర్ల పట్టా పొడవుతో గుణించాను. పదకొండు మిల్లీమీటర్లు వచ్చింది. మామయ్య వదిలేది ఆరు! అడిగితే, "మా మేటు సెప్పిన సందు ఇది. నువ్వేటి, పట్టా కన్నా ఎక్కువ సదివినావా?" అని గునపం చేతికిచ్చాడు. మేనమామైతే మాత్రం, సందు చాలక పట్టాలు వంకరపోయి రైళ్లు పడిపోతుంటే ఊరుకుంటానా? ఆయన పేరుతో సహా రెండు పేజీల ఫిర్యాదు, నాకొచ్చిన ఒకే ఒక్క లిపిలో, తెలుగులో రాసి యూనియన్ నాయకుడు, బెంగాలీ దాదాకిచ్చాను. శుక్రవారం గేట్ మీటింగులో చదివిస్తానన్నాడు. చదవని కాగితం కూడా ఉద్యమమైపోయే ఎర్రజెండాల కాలం అది.

శుక్రవారం పొద్దున, నా వాదానికి బలంగా ఉంటుందని ఫుట్‌పాత్ మీద కొన్న ఇంకో పుస్తకం తెరిచాను. అదే ఉక్కుకి 0.0000067 అని ఉంది. దాదాపు సగం! అచ్చువేసినవాడి మీద కూడా ఫిర్యాదు రాద్దామని కలం తీశాక కనిపించింది, పక్కన చీమ తలకాయంత అక్షరాల్లో 'ఫారెన్‌హీట్'. మొదటి పుస్తకంలోది సెంటీగ్రేడు అంకె. నేను వాడిన ఉష్ణమాపకం ఫారెన్‌హీటుది. కొత్త అంకెతో గుణిస్తే ఆరూ చిల్లర. మామయ్య సందు. (స్థిరాంకమని పేరుపెట్టి కొలతకో అంకె ఇవ్వడం ఏం న్యాయమో, నాకిప్పటికీ కోపమే.)

కాగితం వెనక్కి తీసుకుందామని గేటుకి పరుగెత్తేసరికి జనం నిండిపోయారు. తెలుగు చదివేవాడు కావాలని దాదా అడిగితే, ఆదివారం చర్చిలో వాక్యం చదివే మామయ్యని ఎవరో చూపించారట. నా కాగితం ఆయన చేతిలోనే ఉంది. మొదటి పేజీ మనసులోనే చదివాడు, రెండోది చదివాడు, నాకేసి చూశాడు. పర్మినెంటు సంగతి సరే, ఆ పూట అన్నం ఎక్కడా అని నేను ఆలోచిస్తున్నాను. మామయ్య గొంతు సవరించుకుని, "దాదా, లైనే ఖాబార్ జొల్ నేయ్. జొల్ చాయ్" అన్నాడు. లైన్‌మీద తాగడానికి నీళ్లు కావాలని రాశానట! చప్పట్లే చప్పట్లు. దాదా నా వీపు తట్టాడు.

తిరిగొస్తూ మామయ్య, "నీకోసం అబద్దమాడినాన్రా. ఆదివారం నా పక్కన కూకోకు" అన్నాడు. నేను గుణకాల గొడవంతా చెప్పుకున్నాను. సగంలో ఆపి, "అయితే ఆరేనా?" అని అడిగాడు. ఆరే మామయ్యా అన్నాను. ఆయన నాకంటే పెద్దగా ఊపిరి వదిలాడు. ఇన్నేళ్లూ ఆరెందుకో ఆయనకీ తెలీదని అప్పుడర్థమైంది.

వారం తిరక్కుండా లైన్‌మీదికి నీళ్ల డ్రమ్ము వచ్చింది. మొదటి గ్లాసు నాకే ఇచ్చారు. చల్లగా ఉంది. ఎన్ని డిగ్రీలో మాత్రం ఆ ఇరవై రెండేళ్ల పండితుడు అడగలేదు.