జపాన్ హోటల్ల సంబంధం చెడగొట్టిన తీరు

కోపమున్నోని చేతికి కొడవలి ఇయ్యొద్దు అంటరు మా దిక్కు. నన్నడిగితే కొడవలి ఇచ్చినా ఫికర్ లేదు, జపాన్ హోటల్‌కు మాత్రం తోలుకపోవద్దు. ఎందుకంటె నా సొంత చెల్లె పెండ్లి సంబంధాన్ని నేను గసొంటి హోటల్ల కూసొని, ఒక్క మెతుకు గూడ ముట్టకుంట, మంది చూస్తుండంగ చెడగొట్టిన. ఎట్లనో చెప్త. మీకు నవ్వొస్తది, నవ్వుకోండ్రి. నాకు మాత్రం యాదికొస్తే ఇప్పటికి గూడ పండ్లు కొరుకబుద్ధయితది.

మాది మక్తల్ కాడ ఒక పల్లె. గొర్ల మీద బతికినోళ్లం. బాపు మంద కాస్తడు, నేను ట్రాలీ ఆటోల జీవాలను సంతకు తోలుకపోత. చెల్లె స్వరూప మంచిగ చదువుకున్నది, హైదరాబాద్ల మందుల కంపెనీ ల్యాబుల పని చేస్తది. అప్పటికి నాకు పెండ్లి కాలె. మీసం కొత్త, కోపం అంతకంటె కొత్త. బస్సు కండక్టర్ పలకరించకుంటె కోపం, పలకరిస్తే ఎందుకు పలకరించిండని కోపం. మా గొర్లు గూడ నా మొఖం చూసి పక్కకు జరిగేటియి.

గప్పుడు మా మేనమామ చెల్లెకొక సంబంధం తెచ్చిండు. పిలగాని పేరు నరేశ్. నారాయణపేట వాళ్లు. హైదరాబాద్లనే లిఫ్టుల కంపెనీల ఇంజనీరు. వాళ్ల నాయిన బడిల సారుగ చేసి రిటైరైండు. అంత బాగనే ఉన్నది. కానీ మామ చివరికొక మాట చెప్పిండు. పిల్లను చూసేతందుకు వాళ్లు మా ఇంటికి రారట. ఆదివారం పగటి పూట అందరం హైదరాబాద్ల ఒక జపాన్ హోటల్ల కలవాల్నట.

ఇగ చూడుండ్రి. పిల్లను చూసేటోళ్లు పిల్ల ఇంటికి రావాలె, అమ్మ యాటకూర వండాలె, వాళ్లు తిని బాగున్నదనాలె. మధ్యల జపాన్ ఎందుకొచ్చింది? మామను అడిగిన. ఆయన చెవు గోక్కుంట, "ఏమో రా, అట్లనే అనుకున్నరు" అని జారుకున్నడు. నేను గా రాత్రికే లెక్క తేల్చేసిన. మా ఇంట్ల గొర్ల వాసనొస్తదని వాళ్లకు నామోషి. అందుకే రారు. హైదరాబాద్ పోయేదాంక బస్సుల బాపు చెవుల ఇదే ముచ్చట నూరిపోసిన. బాపు కిటికీలకెళ్లి చేన్లు చూసుకుంట, ముందుగాల పోయి చూద్దాం తీయ్ అన్నడు. గొర్లు ఈనుతున్నయని అమ్మ రాలె. వచ్చుంటె నా నోరు గామెనే మూయించేది.

చెల్లె బస్టాండ్ కాడికే వచ్చింది. ఆటోల కూసున్న సంది, అన్నా నీకొక మాట చెప్పాలె, జర విను అంటనే ఉన్నది. నువ్వేం చెప్పకు, నేనున్న గదా, అన్ని నేను చూసుకుంట అన్న. మల్ల నోరు తెరిచింది. మల్ల ఆపిన. చెల్లెను కాపాడే అన్నకు చెల్లె మాట వినే తీరిక ఏడుంటది?

హోటల్ హైటెక్ సిటీ దిక్కున్నది. గుమ్మానికి పరదా వేలాడుతాంది. పరదా ఎత్తి బాపును ముందటికి పంపిన. బాపు తెల్లధోతి, తలకు రుమాలు, భుజం మీద గొంగడి. ఆయన ఒక అడుగు లోపల పెట్టిండో లేదో, లోపలున్నోళ్లందరు ఒక్కసారిగ ఒర్రిండ్రు. తలుపు కాడోడు ఒర్రిండు, పొయ్యి కాడోడు ఒర్రిండు, చేప కోసేటోడు కత్తి చేతుల పట్టుకొనే ఒర్రిండు. ఒక్క ముక్క అర్థం కాలె. చేన్ల పడ్డ మేకలను అదిలించినట్టే వినొచ్చింది నాకు.

నా రక్తం సలసల మసిలింది. పోయి తలుపు కాడి పిలగాని ముందట నిలవడి, ఎవలను ఎల్లగొడుతున్నవ్ రా, మా బాపు గొంగడి చూసి ఒర్రుతున్నవా అని నిలదీసిన. వాడు అస్సాం పిలగాడట, పాపం, తెలుగు రాదు. రెండు చేతులు జోడించి నడుము వంచి మొక్కిండు. చెల్లె నా చెయ్యి గుంజి, వచ్చినోళ్లను అందరిని అట్లనే పిలుస్తరు, అది రండ్రి రండ్రి అనుడు అన్నా, అన్నది. రమ్మనేటోడు గట్ల ఒర్రుతడా? మా ఊర్ల గట్ల పిలిస్తే చుట్టాలు ఎనుకకు మర్లి బస్సెక్కుతరు.

లోపలికి రెండడుగులేసినమో లేదో, చెప్పులు ఇడువుమన్నరు. మల్ల మంటెక్కింది. అందరు ఇడుస్తున్నరని చెల్లె చూపెట్టింది. నిజమే, గోడ పొంటి చెప్పులు, బూట్లు వరుసగ ఉన్నయి. అయినా కోపం దిగలె. ఒకసారి ఎక్కిన కోపం ఉత్తగ దిగుతదా? దానికి గూడ ఇజ్జత్ ఉంటది.

నరేశ్, వాళ్ల నాయిన ముందుగాలనే వచ్చి కూసున్నరు. కుర్చీలు లెవ్వు. చాపల మీద పొట్టి బల్ల. మాకు కుర్చీ గూడ ఇయ్యరా అనుకుంట, కాళ్లు మడిచి సక్కలముక్కలేసుకొని బిగుసుకొని కూసున్న. నాకు తెల్వనిది ఏందంటె గా బల్ల కింద కాళ్లు పెట్టుకునేతందుకు లోతుగ బొంద ఉన్నది. నాకు తప్ప అందరికి కనిపించింది. బాపు అయితె కాళ్లు జారవిడిచి, బాయి గడ్డ మీద కూసున్నంత హాయిగ ఉన్నదన్నడు. నరేశ్ నాయిన, గా సారు, ప్రయాణం మంచిగ అయ్యిందా అని అడిగిండు. నేను జవాబియ్యబోయి కోపంగ మోకాలు ముందటికి జరిపిన. కాలు బొందల పడ్డది, నేను బల్ల మీద పడ్డ, ఛాయి సారు అంగి మీద పడ్డది. సారు తుడుసుకుంట, ఏం గాదు బిడ్డా అన్నడు. ఆయన మంచిగ మాట్లాడినకొద్ది నాకు ఇంక మంట. మనసుల మమ్ములను తక్కువ చేసి పైకి మర్యాద చేస్తున్నడని.

తర్వాత తిండొచ్చింది. బాపు ముందట గిన్నె నిండ సేమియా అసొంటిది, నీళ్లల్ల ఈదుతాంది. నా ముందట మంచుగడ్డల మీద చేప. పచ్చిది. ఎర్రగ, తెల్లగ నిగనిగలాడుతాంది. సంతల ఈగలు తోలుకుంట అమ్మే చేప గూడ నన్ను గంత సూటిగ చూడలె. ఇగ నేను లేచి నిలవడ్డ.

"సారూ, మేం గొర్లు కాసేటోళ్లమే. కానీ పచ్చి మాంసం తినేటంత దిక్కులేనోళ్లం గాదు. మా ఇంట్ల తినుడు నామోషి అయితె ముందే చెప్పాలె. పిలిచి, మీద ఒర్రి, చెప్పులిడిపించి, బొందల కూసోబెట్టి, పచ్చి చేప పెడుతరా? మాకు మీ సంబంధం వద్దు."

సారు నరేశ్ దిక్కు చూసిండు. నరేశ్ చెల్లె దిక్కు చూసిండు. చెల్లె బల్ల దిక్కు చూసింది. బాపూ లే, స్వరూపా లే అన్న. ఒక్కరు లేవలె. బాపు రెండు పుల్లలతోటి సేమియాను పట్టుకునే ఆపతిల ఉన్నడు, తల గూడ ఎత్తలె. సరే, కూసోండ్రి, ఇజ్జత్ ఉన్నోన్ని నేనొక్కన్నే అని చెప్పి, చెప్పులు తొడుక్కొని ఎల్లిపోయిన.

ఎండ మాడుతాంది. కోపంల పెద్ద పెద్ద అంగలేసుకుంట మెయిన్ రోడ్డు దాంక పోయిన. ఎవ్వలన్న ఎనుకకెళ్లి ఉరికొస్తరని నాలుగుసార్లు మర్లి చూసిన. కుక్క గూడ రాలె. గంతల కాలు కరుస్తున్నట్టనిపించి కిందికి చూస్తే, తోలు చెప్పులు, పాలిష్ కొట్టి తళతళలాడుతున్నయి. నావి గావు. సారువి.

రోడ్డు మీద నిలవడి మస్తు ఆలోచన చేసిన. సంబంధం చెడగొట్టినోడు అంటె పడొచ్చు. వియ్యంకుని చెప్పులు ఎత్తుకపోయినోడు అంటె మక్తల్ సంతల తల ఎట్ల ఎత్తాలె? ఇడిచేసి పోదామంటె తారు రోడ్డు పెనం లెక్క కాలుతాంది. చివరికి ఎనుకకు మర్లిన. పరదా ఎత్తంగనే లోపలోళ్లు మల్ల అందరు కలిసి ఒర్రిండ్రు. ఈసారి నేను ఎవ్వలను ఏమనలె.

అక్కడ ఏడుపులుంటయి, కనీసం గుసగుసలన్న ఉంటయి అనుకున్న. ఏం లేదు. అందరు మంచిగ తింటున్నరు. చెప్పులు కింద పెట్టి, తప్పయింది సారూ అన్న. ఆయన నన్ను కూసోమన్నడు. చేప పచ్చిగ పెడుతరని తనకు గూడ తెల్వదట, జపాన్ తిండి ఎట్లుంటదో, ఎందుకైన మంచిదని ఇంటికాడనే జొన్నరొట్టె తినొచ్చిండట.

"మరి గీ జాగ ఎందుకు చెప్పిండ్రు సారూ?" అన్న.

"మేమెక్కడ చెప్పినం బిడ్డా? మీ పిల్లనే గిక్కడ కలుద్దామన్నది. కోడలయ్యే పిల్ల మొదటిసారి అడిగింది, ఎట్ల కాదంటం అని వచ్చినం."

నేను చెల్లె దిక్కు తిరిగిన. ఆమె పుల్లలతోటి పచ్చి చేప ముక్కను అలవోకగ పట్టి, నల్లటి పులుసుల ముంచి, నోట్లె పెట్టుకొని, తీరుబాటుగ నమిలి మింగింది.

"నేనే చెప్పిన అన్నా. నేను, నరేశ్ ఏడాది పైననే గిక్కడికి వస్తున్నం. ఒకరినొకరం చేసుకోవాల్నని గీ బల్ల కాడనే అనుకున్నం. అందుకే గిక్కడనే కలుద్దామన్న."

నాకు దిమ్మతిరిగింది. బాపూ, విన్నవా అన్న. బాపు సేమియాను జుర్రుకొని, నాకు దసరకే ఎరుక అన్నడు. అమ్మకు? అమ్మకే ముందుగాల చెప్పిందట. మామకు? సంబంధం తెచ్చినట్టు చెయ్యమని మామను పురమాయించిందే అమ్మనట. అంటె మా ఇంట్ల, వాళ్లింట్ల, చివరికి గా అస్సాం పిలగానికి గూడ ఎరుక. రోజు వస్తరు గదా, మా చెల్లెకు ఏం కావాల్నో అడగకుంటనే తెచ్చి పెడుతున్నడు.

"మరి నాకొక్కనికే ఎందుకు చెప్పలె?"

చెల్లె పుల్లలు కింద పెట్టింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "ఎన్నిసార్లు చెప్పబోయిన అన్నా. నీకు కోపమొస్తదని భయమయ్యింది."

"నేనెప్పుడు కోపం చేసిన?" అని గట్టిగ ఒర్రిన.

పక్క బల్లలోళ్లందరు నా దిక్కు తిరిగిండ్రు. తలుపు కాడి అస్సాం పిలగాడు మాత్రం, ఇది వాళ్ల మర్యాదనే అనుకున్నట్టున్నడు, మల్ల నడుము వంచి మొక్కిండు.

పెండ్లి నేను చెడగొట్టినా ఆగలె. మక్తల్లనే అయ్యింది, యాటకూర నేనే దగ్గరుండి వండించిన, సారు రెండుసార్లు వేయించుకున్నడు. అయినా మీ అందరి ముందట ఒట్టు పెట్టి చెప్తున్న. ఇగ నా జన్మల ఏ సంబంధం చెడగొట్టాల్సొచ్చినా సరే, ముందుగాల అది నాకు తెల్వకుంట ఎప్పుడో కుదిరిపోయిందా అని ఇంట్లోళ్లను నెమ్మదిగ, మర్యాదగ అడిగి తెలుసుకొని, గా తర్వాతనే కోపానికొస్త.