నీళ్లు తాగని చెక్క

కురుగోడు కాలువ బంగళా ముందున్న చెక్క అరుగు, రెండు డబ్బాల అవిసె నూనె, పొట్లం కావి రంగు, మూడు కుంచెలు, ముసలి వడ్రంగి వీరన్న, కొత్త ఓవర్సీరుగా నేను. నాలుగేళ్ల కిందట ఆ ఉదయం అక్కడ ఉన్నది ఇంతే. మరునాడు ఇంజనీరుగారి తనిఖీ. ఆయన సంతకం పెడితేనే నా ఉద్యోగం ఖాయమవుతుంది.

వీరన్న పలకల మీద నీళ్లు చల్లాడు. చుక్కలు ఇంకకుండా నిలిచాయి.

"చూడప్పా, పాత నూనె ఇంకా ఉండాది. నీళ్లు తాగని చెక్క నూనె యాడ తాగుతాది?"

"ఏటా పూయాలని మా పుస్తకంలో ఉంది."

"ఆ పుస్తకం ఈ చెక్కను చూసిందా?"

నేను వినలేదు. నూనెలో కావి కలిపించి రెండు పూతలు వేయించాను.

మరునాడు ఇంజనీరుగారు చెప్పులు విడిచి అరుగెక్కారు. నడుమకు రాగానే పాదాలు అంటుకుపోయాయి. కాలెత్తి చూసుకున్నారు.

"ఏందప్పా ఓవర్సీరూ, నాకు పారాణి పెట్టిస్తివా?"

ఆయన వెంట వచ్చినవాళ్లంతా నవ్వారు.

"తప్పు నాదే సామీ," అన్నాడు వీరన్న.

ఊరుకుంటే నేను బయటపడేవాణ్ణి. కానీ అతని ముఖం చూసి ఊరుకోలేకపోయాను. "కాదండీ. ఆయన వద్దన్నాడు, నేనే వినలేదు."

ఇంజనీరుగారు, "అయితే నువ్వే గీకు. సంతకం తర్వాత," అన్నారు.

ఈనాటికీ నీళ్లు చల్లి చూడనిదే ఏ చెక్కకూ కుంచె తాకించను. ఆ అరుగుకు నేను గీకిన పలకలు ముప్పై ఎనిమిది.