పాండురంగారావుగారి ప్రశ్న

పాండురంగారావుగారిది మందుల కంపెనీలో మంచి ఉద్యోగం. అయినా ప్లెయిన్స్‌బరోలో కారుకి పెట్రోల్ పోసే కుర్రాడు కనపడినా, సూపర్‌మార్కెట్‌లో సంచులు నింపే పిల్ల కనపడినా ఆయన అడిగేది ఒక్కటే: "నువ్వేం చదివావు?" హైస్కూలేననో, కాలేజీ మధ్యలో మానేశాననో వాళ్లంటే, గండం గడిచినట్టు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవారు. కూతురు హైమ ఇంగ్లిష్ లిటరేచర్‌లో చేరిన ఏడాది పట్టుకున్న అలవాటిది. "మెడిసిన్ అయితే నేను కడతాను. ఇంగ్లిష్ అయితే నీ తిప్పలు నువ్వు పడు" అన్నారాయన, బెదురుతుందని. ఆ పిల్ల బెదరలేదు, స్టూడెంట్ లోన్ తీసుకుని వెళ్లిపోయింది. బెదురు ఆయనకే మిగిలింది.

ఒక శనివారం డైనర్‌లో కాఫీ పోస్తున్న అమ్మాయినీ అలాగే అడిగారు. "ఇంగ్లిష్ లిటరేచర్," అందా అమ్మాయి. "డిగ్రీ వచ్చి నాలుగేళ్లయింది. ఈ టిప్పులన్నీ ఇంకా లోన్‌కే పోతున్నాయి." అని, అచ్చం హైమలాగే ముక్కు ముడిచి నవ్వింది. ఎన్నడూ పావలా మించి టిప్పు పెట్టని మనిషి, ఇరవై డాలర్ల నోటు కప్పు కింద పెట్టి, కాఫీ ముట్టకుండానే బయటపడ్డారు. కారు తాళం తీస్తున్నారు. ఇంతలో ఆ అమ్మాయి నోటు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "సర్, పొరపాటున ఇరవై పెట్టారు!"

"ఉంచుకో తల్లీ. భయపడకు, నేను కడతాను" అన్నారాయన.

ఆ పిల్ల తెల్లబోయి చూసేదాకా, తాను తెలుగులో మాట్లాడుతున్నానని ఆయనకి తెలియలేదు.