సుమియెన్‌కు తగిలిన స్కూటర్

షెంకాంగ్ ఊళ్లో సైకిల్ పెడళ్లు చేసే ఆ కార్ఖానాలో ఎవరి జీతం ఎంతో ఓనరు కో గారికి, పద్దులు చూసే ఆయన భార్యకు, సిబ్బంది వ్యవహారాలు చూసే లియావ్ సుమియెన్‌కు మాత్రమే తెలుసు. మొదటి ఇద్దరూ అప్పుడప్పుడు నోరు జారేవారు. సుమియెన్ ఒక్కనాడూ జారలేదు.

బడి చదువు కాగానే ఫోను ఎత్తే పనిలో చేరిన మనిషి. సెలవులు, బీమా, కొత్తవాళ్లను చేర్చుకోవడం, అన్నీ చేస్తూ చేస్తూ పట్టుబడ్డవే. లేత్ మిషను మీద పనిచేసే అషుయి జీతం పెంచమనడానికి జంకితే ఆవిడే దారి చెప్పింది: "ఇంట్లో కష్టాలు ఏకరువు పెట్టకు. నువ్వు చేరాక వెనక్కొచ్చే సరుకు ఎంత తగ్గిందో అది చెప్పు." అషుయికి పెరిగింది. అలా పెరిగినవాళ్లు కార్ఖానాలో సగం మంది.

తన సంగతి మాత్రం తేల్చుకోలేకపోయింది. కార్డు మీద 'మేనేజరు' అని అచ్చు వేయించారు గానీ జీతం గుమాస్తాదే. అడుగుదామని వెళ్లినప్పుడల్లా ఓనరు "నువ్వు మా ఇంటి మనిషివి" అంటూ టీ పోసేవాడు. తాగి వచ్చేసేది.

ఆ ఏడాది ముగింపులో సిబ్బందికిచ్చే విందుకు కార్ఖానా ఆవరణలో గుడారం వేశారు. లాటరీలో మొదటి బహుమతి ఎర్ర స్కూటర్. సుమియెన్ పాత బండి వాన పడితే కదలదు. ఓనరు డబ్బాలో చెయ్యి పెట్టి చీటీ తీశాడు.

"లియావ్ సుమియెన్!"

చప్పట్లు ఆగకముందే అషుయి బల్ల గుద్దాడు. "వెనక్కి వెయ్యాలి! మేనేజరుకు తగిలితే వెనక్కి వెయ్యాలి!"

"వెనక్కి! వెనక్కి!" గుడారమంతా అందుకుంది. అదే ఆనవాయితీ: పైవాళ్లకు తగిలితే చీటీ మళ్లీ డబ్బాలో వేసి ఇంకొకరికి తీయాలి. వేయని పెద్దల్ని ఏడాది పొడుగునా ఏడిపిస్తారు.

సుమియెన్ వేదిక ఎక్కి, చీటీ అందుకుని, స్కూటర్ వైపు ఒకసారి చూసింది. మైకు తీసుకుంది.

"అరవకు అషుయీ, గొంతు పోతుంది. ఓనరు గారూ, నేను మేనేజర్నా?"

"అదేం ప్రశ్న? కార్డు మీద ఉందిగా!"

"కార్డు మీద ఉంది. జీతంలో లేదు. జీతంలోనూ మేనేజర్నైతే చీటీ ఇప్పుడే డబ్బాలో వేస్తా. కాదంటే బండి తోలుకుపోతా. మీరే చెప్పండి."

ఓనరు నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"ఇంటి మనిషివి, ఇక్కడా ఈ మాటలు..."

"ఇంటి మనిషికి బండి ఇచ్చేయండి ఓనరూ!" అషుయి మళ్లీ లేచాడు.

"ఇందాక వెనక్కి వెయ్యమన్నది నువ్వే కదరా?" పక్కవాడు చొక్కా లాగాడు.

"ఇందాక నాకేం తెలుసు? అక్క మనందరికంటే ఎక్కువ తీసుకుంటోందనుకున్నా!"

ఓనరు చెమట తుడుచుకున్నాడు. "సరే సరే. మేనేజరువే."

"ఏ నెల నుంచి?"

ఆయన భార్య వైపు చూశాడు. ఓనరమ్మ అన్నం తినే పుల్లలు కింద పెట్టింది. "ఈ నెల నుంచే. ఎప్పట్నుంచో చెవిలో పోరుతున్నా ఈయనకి."

సుమియెన్ చీటీని డబ్బాలో వేసి, తానే బాగా కలిపింది. ఈసారి ప్యాకింగ్‌లో పనిచేసే వియత్నాం పిల్ల హోవాకు తగిలింది. వేదిక దగ్గరికి రాకముందే ఆ పిల్ల కేకలు పెట్టింది: "నేను మేనేజర్ని కాను! కాను!"

విందు ముగిశాక ఓనరమ్మ మిగిలిన పులుసు ప్లాస్టిక్ సంచిలో కట్టి సుమియెన్ చేతిలో పెట్టింది. "రేపు పొద్దున్నే అందరూ నా మీద పడతారు, మాకూ పెంచమని. ఏం చెప్పమంటావే?"

"మీరేం చెప్పకండమ్మా. నా దగ్గరికి పంపండి," అంది సుమియెన్ సంచి ముడి బిగిస్తూ. "జీతం ఇచ్చేది అందుకేగా."